ఒళ్లు సహకరించని రోజు, ఎదురుగా కొండ

విశాఖ బీచ్ రోడ్డు మీద ఒళ్లు బాగోని రోజు పరిగెత్తితే మహా అయితే పది నిమిషాలు ఆలస్యమవుతుంది. అదే ఒంటితో అనంతగిరి ఘాట్ వైపో, ఆనందపురం దాటాక పల్లెల మధ్య ఎత్తుపల్లాలుగా సాగే రోడ్ల మీదో 42 కిలోమీటర్ల మారథాన్ మొదలుపెడితే, 28వ కిలోమీటరు దగ్గర కల్వర్టు గోడ మీద కూర్చుని, మిగిలింది నడవడమా, వెనకొచ్చే బండి ఎక్కడమా అని ఆలోచించాల్సి వస్తుంది. మనిషి అదే, షూస్ అవే, నాలుగు నెలల ట్రైనింగూ అదే. మరి ఇంత తేడా ఎక్కడిది?

మన రన్నర్ల మాటల్లో దీనికి తరచూ వినిపించే కారణం, "మనసు గట్టిగా పెట్టుకోలేదు" అని. ఈ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు గానీ, ఎక్కువసార్లు అన్యాయం. చదును రోడ్డు మీద సర్దుకుపోయే చిన్న లోటును కొండదారి పెద్దది చేస్తుంది. ఎందుకు చేస్తుందనేది చాలావరకు లెక్క. ఆ లెక్క అర్థమైతే, ఆ రోజు ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా అందులోంచే తేలుతుంది.

దిగేటప్పుడు తిరిగి రాదు

"ఎక్కేటప్పుడు పోయిన టైమ్ దిగేటప్పుడు వచ్చేస్తుంది కదన్నా" అని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడుగుతుంటారు. రాదు. ఎందుకు రాదో చెప్పడానికి మంచి ఆధారం ఉంది. ఇటలీకి చెందిన ఆల్బెర్టో మినెట్టి బృందం 2002లో, కొండ పరుగు అలవాటున్న రన్నర్లను రకరకాల వాలుల్లో ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి, ఒక్కో వాలుకి శరీరం ఎంత శక్తి ఖర్చు పెడుతుందో కొలిచింది. ఇప్పుడు వాచీల్లో, యాప్‌లలో ఎత్తుపల్లాలకు తగ్గట్టు, కిలోమీటరుకి పట్టే సమయాన్ని, అంటే పేస్‌ని సరిచేసి చూపించే లెక్కలకు ఇలాంటి కొలతలే పునాది.

ఆ కొలతల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, 5 శాతం వాలు ఎక్కితే, అంటే 100 మీటర్ల దూరానికి 5 మీటర్ల ఎత్తు పెరిగితే, కిలోమీటరుకి అయ్యే ఖర్చు చదును మీదకన్నా సుమారు 30 శాతం ఎక్కువ. 10 శాతం వాలైతే దాదాపు 65 శాతం ఎక్కువ. దిగేటప్పుడు 5 శాతం వాలుకి ఖర్చు పావు వంతు తగ్గుతుంది, 10 శాతానికి 40 శాతం తగ్గుతుంది. వాలు ఎంత పెరిగితే, పోయినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా అంత పెరుగుతుందన్నమాట.

దీన్ని ఒక దారికి అన్వయిద్దాం. కిలోమీటరు 6 నిమిషాల పేస్‌లో మారథాన్ చేయగల మనిషి చదును మీద 4 గంటల 13 నిమిషాల్లో ముగిస్తాడు. ఇప్పుడు దారిలో 12 కిలోమీటర్లు 5 శాతం ఎత్తు, 12 కిలోమీటర్లు అంతే పల్లం, మిగతా 18 చదును అనుకోండి. మొత్తం మీద 600 మీటర్లు ఎక్కి, 600 దిగడం. అదే శ్రమతో వెళ్తే ఎత్తులో కిలోమీటరుకి 7 నిమిషాల 49 సెకన్లు, పల్లంలో 4 నిమిషాల 35 సెకన్లు పడుతుంది. మొత్తం కూడితే 4 గంటల 18 నిమిషాలు. కాగితం మీద నష్టం 5 నిమిషాలే!

కానీ 6 నిమిషాల పేస్ మనిషి 4:35 పేస్‌తో 12 కిలోమీటర్లు దిగగలడా? ఊపిరి అందుతుంది, కాళ్లు అందవు. అంత వేగానికి అడుగు సాగదు, మోకాలు ఆ దెబ్బ తట్టుకోదు, మలుపుల్లో బ్రేక్ వేయాల్సి వస్తుంది. ఆచరణలో 5:20 వరకు దిగగలిగితే గొప్పే. అప్పుడు మొత్తం 4 గంటల 27 నిమిషాలు. ఒళ్లు పూర్తిగా సహకరించిన రోజు లెక్క ఇది.

జాగా ఎంత మిగిలింది

మారథాన్ మొత్తం నిలబెట్టుకోగల శ్రమ ఒకటి ఉంటుంది. దాని పైన, శ్రమ పెరిగినప్పుడు కండరాల్లో తయారయ్యే లాక్టేట్ రక్తంలో పేరుకుపోవడం మొదలయ్యే హద్దు ఒకటి ఉంటుంది. దీన్నే త్రెషోల్డ్ అంటాం. రెంటికీ మధ్య జాగా పెద్దగా ఉండదు. మంచి రోజున కూడా ఆ జాగాలోనే మన ఆటంతా.

ఒళ్లు బాగోని రోజున జరిగేది ఆ పై హద్దు కిందికి దిగడం. నిలకడగా ఇవ్వగల శక్తి 8 శాతం తగ్గిందనుకుందాం. చదును రోడ్డు మీద 6 నిమిషాల పేస్ ఆ రోజు 5:31 పేస్ అంత శ్రమగా అనిపిస్తుంది. కష్టమే, కానీ కాసేపు లాగవచ్చు, లేదా కిలోమీటరుకి పది సెకన్లు నెమ్మదించి సర్దుకోవచ్చు.

ఎత్తులో అలా సర్దుకోవడం కుదరదు. 5 శాతం వాలులో న్యాయంగా వెళ్లాల్సిన పేస్ 7:49. పక్కవాళ్లు వెళ్తున్నారని, వాచీలో అంకె మరీ పెద్దగా కనిపిస్తోందని 6:30తో ఎక్కేవాళ్లు చాలామంది. మంచి రోజున అది తమ మారథాన్ శ్రమకన్నా 20 శాతం ఎక్కువ. 8 శాతం తగ్గిన రోజున అదే 6:30 పేస్ 30 శాతం ఎక్కువవుతుంది. చాలామందికి ఇది త్రెషోల్డ్ దాటేసిన చోటు. ఒక్క కిలోమీటరుకి అయితే కోలుకుంటారు. ఆరేడు మెరకలు ఇలాగే ఎక్కితే కోలుకోలేరు.

దీనికి ఇంకో కారణం ఇంధనం. 65 కిలోల మనిషి మారథాన్‌కి సుమారు 2,700 కేలరీలు ఖర్చు చేస్తాడు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా, అంటే దాచుకున్న చక్కెరగా, నిల్వ ఉండేది మహా అయితే 2,000 కేలరీలు. మిగతాది కొవ్వు నుంచి, దారిలో తిన్నదాని నుంచి రావాలి. కొవ్వు బోలెడంత ఉంటుంది గానీ నెమ్మదిగా కరుగుతుంది. శ్రమ పెరిగేకొద్దీ శరీరం కొవ్వును వదిలి గ్లైకోజెన్ వైపు మొగ్గుతుంది. త్రెషోల్డ్ దాటి ఎక్కిన ప్రతి మెరకా అందుకే రెండుసార్లు ఖరీదు చేస్తుంది: అప్పుడు ఆయాసంగా ఒకసారి, 30 కిలోమీటర్లు దాటాక ఖాళీ అయిన కాళ్లుగా ఇంకోసారి.

ఆ రోజు అలా ఎందుకు వచ్చింది

కారణం తెలియని చెడ్డ రోజులు ఉంటాయి. కానీ మనం అనుకునేదానికన్నా తక్కువే ఉంటాయి.

ముందు రాత్రి నిద్ర పట్టలేదని భయపడేవాళ్లకు ఒక ఊరట: ఒక్క రాత్రి నిద్ర తక్కువైతే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెద్దగా పడిపోదు. అదే శ్రమ కాస్త ఎక్కువ శ్రమగా అనిపిస్తుందంతే. వారం పాటు నిద్ర చాలకపోతే మాత్రం సంగతి వేరు. అసలు ముందు సాయంత్రమే చాలా జరిగిపోతుంటుంది. విశాఖలో ఆఫీసు ముగించుకుని, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి, మలుపుల్లో కడుపు తిప్పి, రాత్రి పదింటికి లాడ్జికి చేరి, కారంగా బొంగు చికెన్ తిని, తెల్లవారుజామున మూడున్నరకి లేచిన మనిషి స్టార్ట్ లైన్ దగ్గర సగం ఖాళీ కడుపుతో, సగం ఎండిన ఒంటితో నిలబడతాడు. నిద్రలో కాలేయంలోని గ్లైకోజెన్ బాగా తగ్గుతుంది. పొద్దున ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, కాస్త బెల్లమో పడకపోతే ఆ లోటు మొదటి మెరకలోనే తెలుస్తుంది.

ఎత్తు కూడా ఒక కారణం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కన్నా సుమారు 10 శాతం తక్కువ, కాబట్టి ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆమేరకు తక్కువ. పర్యాటకుడికి తేడా తెలియదు. త్రెషోల్డ్ దగ్గర పరిగెత్తేవాడికి తెలుస్తుంది. తీరంలోని రుషికొండ దగ్గర సాధన చేసి, ఒక్క రాత్రి ముందు పైకి వెళ్లి, "ఇవాళ ఎందుకో ఊపిరి అందట్లేదు" అనుకునేవాళ్లలో కొందరికి ఒంట్లో ఏ తేడా లేకపోవచ్చు. ఎత్తు తన వాటా తీసుకుందంతే.

ఉక్కపోత మరింత పెద్ద విషయం, ముఖ్యంగా కొండల కింద పల్లెల్లో. మనం ఖర్చు చేసే శక్తిలో ముప్పావు వంతు వేడిగా మారుతుంది. మారథాన్‌లో అది 2,000 కేలరీలు. లీటరు చెమట ఆవిరైతే 580 కేలరీల వేడి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమటతో పోయే వేడి దాదాపు సున్నా. జులైలో విశాఖలో మేడ మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా తడిగానే ఉంటాయి చూడండి, ఒంటి మీది చెమటకీ అదే గతి. గాలిలో తేమ ఎక్కువున్న పూట చొక్కా నీళ్లోడుతుంది గానీ ఒళ్లు చల్లబడదు. దాంతో రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరాలకు తగ్గుతుంది, అదే పేస్‌కి గుండె వేగం మెల్లమెల్లగా పైకి పాకుతుంది.

ఇక్కడా కొండ తన పని చేస్తుంది. చదును మీద గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి తన వేగమే గాలి తెస్తుంది. మెరక ఎక్కేటప్పుడు వేగం తగ్గిపోతుంది, పుట్టే వేడి తగ్గదు, గాలి మాత్రం ఆగిపోతుంది. నిశ్చలంగా ఉన్న పొద్దున, రెండు వైపులా చెట్లు మూసుకున్న మెరకలో ఒక్కసారిగా తల వేడెక్కినట్టు అనిపించేది అందుకే. మారథాన్‌కి అనువైన ఉష్ణోగ్రత 10 డిగ్రీల చుట్టుపక్కల అని చాలా రేసుల ఫలితాలను కలిపి చూసిన పరిశోధనలు చెబుతున్నాయి. మన తీరంలో డిసెంబర్ తెల్లవారుజామున కూడా అంత చల్లదనం దొరకదు.

రెండు వారాల నాటి లాంగ్ రన్ అలసట ఇంకా వదలకపోవడం, జలుబు లోపల మొదలవుతూ ఉండడం, నెలసరి రోజులు, ఇంట్లో ఒత్తిడి, ఇవన్నీ కూడా అందరికీ తెలిసిన కారణాలే. ఎక్కువమంది పట్టించుకోనిది రక్తహీనత. మన దేశంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువున్న మనిషికి చదును మీద పర్వాలేదనిపించి, ప్రతి మెరకలోనూ గుండె దడదడలాడుతుంటే అది "స్టామినా లేకపోవడం" కాదు, రక్తపరీక్ష చేయించుకోవాల్సిన విషయం.

పల్లంలో పడే అసలు దెబ్బ

ఎక్కడం గురించి అందరూ మాట్లాడతారు. మారథాన్‌ని ముంచేది చాలాసార్లు దిగడం.

దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరం ఒక విచిత్రమైన పని చేస్తుంది. బిగుసుకుంటూనే సాగుతుంది. ఒంటి బరువు కిందికి పడిపోకుండా పట్టి ఆపడమే దాని పని. ఇలా సాగుతూ బిగుసుకున్నప్పుడు కండరంలోని సన్నటి పోగులు చిట్లుతాయి. ఊపిరికి హాయిగా ఉండడం వల్ల ఈ నష్టం అప్పటికప్పుడు తెలియదు. తెలిసేది గంట తర్వాత, చదును రోడ్డు మీద కాళ్లు బిర్రబిగిసినప్పుడు.

బోస్టన్ మారథాన్ దీనికి ప్రపంచం ఎరిగిన ఉదాహరణ. అక్కడి హార్ట్‌బ్రేక్ హిల్ పేరు వింటే భయపడతాం గానీ దాని ఎత్తు 27 మీటర్లే. మన కైలాసగిరి ముందు అది కొండే కాదు. కానీ అది 32 కిలోమీటర్లు దాటాక వస్తుంది. అంతకుముందు హాప్‌కింటన్ నుంచి మొదలైన దారి చాలాసేపు కిందికే దిగుతుంది. ఆ సుఖమైన పల్లంలో తొడలను ఖర్చు చేసేసినవాళ్లకు 27 మీటర్లు కూడా పర్వతమవుతుంది.

ఒళ్లు బాగోని రోజున ఎక్కేటప్పుడు పోయిన టైమ్‌ని దిగేటప్పుడు రాబట్టాలనే ఆశ మరీ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు పాదం చప్పుడు వినండి. తొడలో పట్టు ఉన్నంతసేపు అడుగు తేలిగ్గా, దాదాపు చప్పుడు లేకుండా పడుతుంది. తొడా, కాలి ముందు ఎముక పక్కన ఉండే సన్నటి కండరమూ అలిసిపోయాక మడమ తగలగానే అరికాలు మొత్తం ఫట్‌మని రోడ్డును కొడుతుంది. చెట్ల మధ్య నిశ్శబ్దంగా ఉన్న ఘాట్‌లో ఈ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, పక్కవాడి అడుగులది కూడా. ఆ చప్పుడు మొదలైందంటే వాచీలో పేస్ ఎంత బాగున్నా వేగం తగ్గించాలి. అడుగులు చిన్నవి చేసి, వాటి సంఖ్య పెంచి, మోకాలు కాస్త వంచి దిగాలి. వెనక్కి వాలి బ్రేకులు వేసుకుంటూ దిగడం కన్నా ఇది తొడలకు చాలా మేలు. హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది, కాస్త దూరమైనా బయటి వైపే నయం. కాకపోతే ఎదురొచ్చే బస్సుకి మనం కనిపించే చోట ఉండడం ముఖ్యం.

గడ్డు పూటా, చెడ్డ రోజా

మొదటి ఏడెనిమిది కిలోమీటర్లలోనే తేల్చుకోవాల్సింది ఇది. మొదటి మూడు కిలోమీటర్లు బరువుగా అనిపించడం మామూలే, ముఖ్యంగా చలిలో, మొదలే మెరకైతే. దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకూడదు. ఆ తర్వాత కూడా అలవాటైన పేస్‌కి గుండె వేగం ఎప్పటికన్నా నిమిషానికి ఎనిమిది పది ఎక్కువుంటే, చదును చోట కూడా ఊపిరి కుదుటపడకపోతే, అప్పుడు పరీక్ష పెట్టుకోవాలి.

ఆ పరీక్ష సులువైనది. ఏదైనా తీపి తినండి, జెల్ అయినా, రెండు ఖర్జూరాలు అయినా. కొన్ని గుక్కలు తాగండి. ఒక పది నిమిషాలు బాగా నెమ్మదించండి, మెరకైతే నడవండి. ఆ తర్వాత ఒంట్లోకి సత్తువ తిరిగొస్తే అది గడ్డు పూట. ఇంధనమో, మొదట్లో తొందరపడిన వేగమో కారణం. తిరిగి రాకపోతే ఆ రోజు అంతే. ఇక అప్పటినుంచి ఆ రోజుకి తగ్గ పరుగే పరిగెత్తాలి. నాలుగు నెలలుగా మనసులో పెట్టుకున్న టైమ్‌ని ఎనిమిదో కిలోమీటరు దగ్గర వదిలేయడం బాధగానే ఉంటుంది. కానీ అక్కడ వదిలితే అయ్యే ఖర్చు పావుగంట. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర అదే వదిలిస్తే గంట.

అలా తగ్గించుకున్నాక పేస్ చూడడం మానేయాలి. ఎత్తుపల్లాల్లో, మలుపుల్లో వాచీ చూపించే పేస్ మంచి రోజునే సగం అబద్ధం. ఊపిరినే కొలతగా పెట్టుకోవాలి. పల్లెల గుండా వెళ్తుంటే అరుగు మీద కూర్చున్న అవ్వ తప్పకుండా అడుగుతుంది, "ఎందాకా బాబూ ఈ పరుగు?" అని. "కింద ఊరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొస్తామవ్వా" అని ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. "కింద... ఊరి..." దగ్గరే ఆగిపోతే త్రెషోల్డ్ దాటేసినట్టు. ఎంత వాలులోనైనా, ఏ ఎత్తులోనైనా, ఏ ఉక్కలోనైనా ఈ కొలత పనికొస్తుంది. శరీరానికి ఆ క్షణంలో ఉన్న మొత్తం భారాన్ని అది కలిపి చెబుతుంది కనుక.

నడక గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మెరకలో నడవడాన్ని ఓటమిగా చూసే అలవాటు మనలో ఉంది. ఇది మన ఊళ్లో ఉండకూడని అలవాటు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షలమంది తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా సముద్రం వైపుకి వచ్చి, మళ్లీ కొండ చుట్టి 32 కిలోమీటర్లు నడుస్తారు. చాలామంది చెప్పుల్లేకుండా. అందులో అరవై దాటినవాళ్లుంటారు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లుంటారు. నడక తక్కువదని వాళ్లలో ఎవరితోనైనా అనగలమా?

శరీరధర్మం కూడా నడక వైపే ఉంది. వాలు బాగా పెరిగి, వేగం బాగా తగ్గినప్పుడు పరుగుకీ వేగమైన నడకకీ మధ్య శక్తి ఖర్చులో తేడా కరిగిపోతుంది. పైగా నడకలో పిక్కలకు విశ్రాంతి, గుండెకి ఊరట, తినడానికి తీరిక. అందుకే కాళ్లు ఆగిపోయాక నడవడం కాదు, బాగున్నప్పుడే, మొదటి మెరక నుంచే నడవాలి. ఫలానా కరెంటు స్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక అని పెట్టుకుంటే మనసుకీ సులువు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ మధ్య కొండల మీదుగా సుమారు 90 కిలోమీటర్లు సాగే కామ్రేడ్స్ మారథాన్‌లో వేలమంది ఇలాగే మెరకల్లో నడుస్తూ పూర్తి చేస్తారు.

తిండి విషయంలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఒళ్లు బాగోని రోజున కడుపు కూడా మొరాయిస్తుంది కాబట్టి ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, మెరక నడిచేటప్పుడే తినాలి.

నీళ్ల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. "నీరసంగా ఉందా, నీళ్లు తాగు" అనేది మన ఇళ్లలో మొదటి సలహా. అది మారథాన్‌లో ప్రమాదం కాగలదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. పరుగులో ఒంటి బరువు పెరిగేంతగా తాగినవాళ్లకు, నాలుగు గంటలకు పైగా రోడ్డు మీద ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువని ఆ పరిశోధనలో తేలింది. చెడ్డ రోజున మనం నెమ్మదిస్తాం, ఎక్కువసేపు రోడ్డు మీదుంటాం, ప్రతి స్టాల్ దగ్గరా ఓదార్పు కోసం తాగుతాం. మూడూ కలిస్తే కడుపుబ్బరం, తలనొప్పి, వేళ్లు వాచి ఉంగరం బిగుసుకోవడం, చివరికి తికమక. దాహం వేసినప్పుడు, దాహం తీరేంతే తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి చెమటలో పోయిన ఉప్పుకి అది పూర్తి బదులు కాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, కడుపుకి పడితే, అంతకన్నా నయం.

ఎక్కడ ఆపేయాలి

నెమ్మదించి పూర్తి చేయదగ్గ రోజు వేరు, పూర్తి చేయకూడని రోజు వేరు. జ్వరం ఉంటే స్టార్ట్ లైన్‌కే వెళ్లకూడదు. వైరల్ జ్వరంలో గుండె కండరం వాచే ముప్పు ఉంటుంది, తీవ్రమైన శ్రమ దాన్ని పెంచుతుంది. ముక్కు కారడం, తుమ్ముల వరకే ఉంటే నెమ్మదిగా ప్రయత్నించవచ్చు. దగ్గు ఛాతీలోకి దిగినా, ఒళ్లునొప్పులున్నా వద్దు. దారిలో ఛాతీ బిగుతు, కళ్లు తిరగడం, కాళ్లు తడబడడం, వేడిలోనూ వణుకు, అడిగినదానికి పొంతన లేని జవాబు, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపాలి. మాట తడబడుతున్న మనిషి "నేను బాగానే ఉన్నా" అంటే నమ్మకండి. నిర్ణయం పక్కవాళ్లు తీసుకోవాలి.

అది వడదెబ్బే అయితే ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఘాట్ రోడ్డు మీద 108కి ఫోన్ చేసినా బండి రావడానికి సమయం పడుతుంది, కొన్ని మలుపుల్లో సిగ్నలే ఉండదు. నీడలో పడుకోబెట్టి, చొక్కా తీసి, దగ్గరున్న బోరు నీళ్లో, కుళాయి నీళ్లో ఒంటి నిండా పోస్తూ, విసురుతూ ఉండాలి. తికమకలో ఉన్నవాళ్లకు నోట్లో నీళ్లు పోయకూడదు.

నొప్పి మాత్ర వేసుకుని లాగేద్దామనే ఆలోచన గురించి కూడా ఒక మాట. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకు రక్తం అందించే దారిని కుదిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి, కండరం చిట్లుతున్న సమయంలో అవి చేసే హాని చిన్నది కాదు. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే చిట్లిన కండరం మూత్రపిండాల మీద పడుతోందని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పల్లె రోడ్డు మీద ఆపేయడం బీచ్ రోడ్డు మీద ఆపేసినంత సులువు కాదు. అక్కడ చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది, ఇక్కడ అరగంటకి ఒక జీపు రావచ్చు. చెమటతో తడిసిన చొక్కాతో ఆగిపోతే, ఏజెన్సీ చలిలో పది నిమిషాల్లోనే వణుకు మొదలవుతుంది. పలుచటి జాకెట్ ఒకటి, కొంత నగదు, ఛార్జింగ్ ఉన్న ఫోను నడుముకి కట్టుకుని బయల్దేరడం ఇలాంటి దారిలో తప్పనిసరి. ఆపేసే చోటు కూడా ఆలోచించి ఎంచుకోవాలి. నిర్మానుష్యమైన మలుపులో కూలబడేకన్నా, మెల్లగా నడిచి తర్వాతి ఊరో, టీ బడ్డీనో చేరడం మేలు, నడవగలిగే స్థితిలో ఉంటే.

తర్వాతి రోజులు

ఒక్క చెడ్డ రోజు నుంచి పెద్ద పాఠాలు తీయక్కర్లేదు. వరసగా రెండు మూడు నెలలు ప్రతి లాంగ్ రన్ అలాగే అనిపిస్తుంటే, పొద్దున లేవగానే నాడి ఎప్పటికన్నా వేగంగా ఉంటే, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండి, ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ మాత్రం అడుగంటడం రన్నర్లలో అరుదేమీ కాదు, కాబట్టి రెండూ చూడాలి. ఇనుము మాత్రలు మాత్రం డాక్టర్ చెబితేనే.

కొండ దిగిన తొడల నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు వరకు పెరుగుతుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టంగా ఉంటుంది. ఆ రోజుల్లో నడక తప్ప పరుగు వద్దు. అయితే ఆ దెబ్బ తిన్న కండరం కోలుకునేటప్పుడు మునుపటికన్నా గట్టిపడుతుంది, తర్వాతి కొన్ని వారాల్లో అలాంటి దిగుడుకి అంతగా చిట్లదు. చెడ్డ రోజున నెమ్మదిగా దిగినా ఈ రక్షణ వస్తుంది. నొప్పి పూర్తిగా పోయాక, ఆ వారాలు దాటిపోకముందే, సింహాచలం ఘాట్‌లో ఒకసారి మెల్లగా పైకి నడిచి, తేలికపాటి అడుగులతో దిగి రండి. తర్వాతి కొండ మారథాన్‌కి సాధన అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.